లీ మాథ్యూస్: హాథోర్న్ రోవర్ నుంచి నాలుగు ప్రీమియర్‌షిప్‌ల కోచ్ దాకా

పల్నాటి_పిడుగు

మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ బయట బ్రాడ్‌మన్, లిల్లీ విగ్రహాలతో పాటు లీ మాథ్యూస్ అనే ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) ఆటగాడి విగ్రహం కూడా ఉంది. 2024 డిసెంబర్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు సెంచరీ కొట్టింది ఈ గ్రౌండ్‌లోనే. సెప్టెంబర్ చివర్లో అదే పచ్చిక మీద ఆస్ట్రేలియన్ రూల్స్ గ్రాండ్ ఫైనల్ జరుగుతుంది, గెలిచిన జట్టుకి దక్కే టైటిలే ప్రీమియర్‌షిప్. దాని గురించి తెలుగులో ఓపిగ్గా రాసినవాళ్లు తక్కువ.

తెలిసినవాళ్లు చెప్పండి. ఆటగాడిగా అంత పేరున్నవాడు కోచ్‌గా కూడా నాలుగు సార్లు గెలిపించాడంటే మామూలు విషయం కాదు. ఆటలో ఏం చేశాడు, కోచ్‌గా ఏం మార్చాడు, ఎక్కడ దెబ్బతిన్నాడు? పొగడ్తలు వద్దు, పని ఎలా చేశాడో కావాలి.

ఓవల్_శాస్త్రి

పిడుగు గారూ, ముందు స్కోరు చదవడం చెప్పుకుందాం, లేకపోతే కింద వచ్చే అంకెలు అర్థం కావు. మైదానానికి రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండు పొడుగువి. వాటి మధ్యలోంచి బంతిని తన్ని పంపితే గోల్, 6 పాయింట్లు. పొడుగు స్తంభానికీ పక్కనున్న పొట్టి స్తంభానికీ మధ్యలోంచి పోతే బిహైండ్, 1 పాయింటు. 13.11 (89) అంటే 13 గోల్స్, 11 బిహైండ్లు, మొత్తం 89. జట్టుకి మైదానంలో 18 మంది. ఆఫ్‌సైడ్ లేదు. బంతిని విసరకూడదు. తన్నాలి, లేదా ఒక చేతిలో పట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది అందించాలి (హ్యాండ్‌బాల్).

ఇప్పుడు రోవర్ సంగతి. రక్‌మన్ అనే ఆజానుబాహుడు ఎగిరి బంతిని చేత్తో తట్టి కిందికి వదులుతాడు. అది ఎక్కడ పడుతుందో అందరికన్నా ముందు పసిగట్టి, నాలుగు వైపులా ఒంటి మీద పడుతున్నా బంతిని ఏరుకుని బయటపడేవాడు రోవర్. మాథ్యూస్ ఎత్తు 178 సెంటీమీటర్లు. ఈ ఆటలో అది పొట్టి కిందే లెక్క. కానీ తొడలు, భుజాలు బండలా ఉండేవి. మామూలు రోవర్లు సందుల్లోంచి జారుకుంటే ఇతను అడ్డొచ్చినవాణ్ని గుద్దుకుంటూ వెళ్లేవాడు. 1982లో ఎసెండన్ సొంత మైదానం విండీ హిల్‌లో పరుగు మీద వెళ్లి బిహైండ్ స్తంభాన్ని గుద్దుకుంటే విరిగింది స్తంభం. ఆ క్లిప్ ఇప్పటికీ చూపిస్తుంటారు.

1969 నుంచి 1985 దాకా హాథోర్న్‌కి 332 మ్యాచ్‌లు, 915 గోల్స్. ఒక్క క్లబ్బుకే ఆడాడు. క్లబ్ ఉత్తమ ఆటగాడి బహుమతి ఎనిమిది సార్లు. ప్రీమియర్‌షిప్‌లు 1971, 1976, 1978, 1983. చివరిది కెప్టెన్‌గా.

ఏలూరు_కాలువ

శాస్త్రి గారూ, ఒక సందేహం. రోవర్ పని మైదానం మధ్యలో బంతి ఏరడం కదా, 915 గోల్స్ ఎలా వచ్చాయి? గోల్ ముందు నిలబడే ఫుల్ ఫార్వర్డ్‌గా ఆడినవాళ్లలో కూడా అంత మందికి అన్ని లేవు.

ఓవల్_శాస్త్రి

మంచి ప్రశ్న. జవాబు అప్పటి నియమాల్లో ఉంది.

1978 దాకా ఇంటర్‌చేంజ్ లేదు. బెంచి మీద ఇద్దరే ఉండేవారు. ఒకసారి బయటికొచ్చినవాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ లోపలికి పోకూడదు. అంటే అలసిన రోవర్‌ని బెంచి మీద కూర్చోబెట్టే వీల్లేదు. అందుకని జట్టుకి ఇద్దరు రోవర్లు. ఒకడు మధ్యలో పరిగెడుతుంటే రెండోవాడు గోల్ స్తంభాల పక్కన ఫార్వర్డ్ పాకెట్‌లో ఊపిరి తీసుకునేవాడు. కాసేపటికి ఇద్దరూ చోటు మార్చుకునేవారు. హాథోర్న్‌లో మాథ్యూస్‌కి జోడీ పీటర్ క్రిమిన్స్.

మాథ్యూస్ ‘విశ్రాంతి’ తీసుకునే చోట గోల్స్ కొట్టడం మొదలుపెట్టాడు. పైన పీటర్ హడ్సన్ లాంటి ఫుల్ ఫార్వర్డ్‌తో డిఫెండర్లు పెనుగులాడుతుంటే కింద జారిన బంతి ఇతని చేతిలో పడేది. హడ్సన్ 1971లో ఒక్క సీజన్‌లోనే 150 గోల్స్ కొట్టాడు, అంటే ఊహించుకోండి బంతి ఎన్నిసార్లు అటు వచ్చేదో. డెబ్బైల మధ్యకొచ్చేసరికి మాథ్యూస్ తానే ప్రధాన స్కోరర్. 1975లో లీగ్ మొత్తంలో ఎక్కువ గోల్స్ అతనివే.

క్రిమిన్స్ కథ విషాదం. క్యాన్సర్ వచ్చి 1976 గ్రాండ్ ఫైనల్ ఆడలేకపోయాడు. హాథోర్న్ నార్త్ మెల్‌బోర్న్ మీద 30 పాయింట్ల తేడాతో గెలిచిన మూడు రోజులకే చనిపోయాడు. హాథోర్న్ ఏటా ఇచ్చే ఉత్తమ ఆటగాడి మెడల్ ఇప్పటికీ అతని పేరునే ఉంది.

నల్లగొండ_నర్సన్న

అన్నలూ, ఇంకో ముఖ్యమైన ముచ్చట చెప్పాలె. మాథ్యూస్ కోచింగ్ ఎక్కడ నేర్చుకున్నడు? హాథోర్న్‌లనే. అతను ఆడింది ముగ్గురు ప్రీమియర్‌షిప్ కోచ్‌ల కింద: 1971, 1976ల జాన్ కెనడీ, 1978ల డేవిడ్ పార్కిన్, 1983ల అలెన్ జీన్స్. ఒకే క్లబ్‌ల కూసొని మూడు తీర్ల చదువు చదివిండు.

కెనడీది ఒళ్లు వంచే పద్ధతి. కొండలెక్కించి, బురదల ఉరికించి, అలిసినా ఆగని జట్టును తయారు చేసిండు. పార్కిన్ చదువుకున్న మాస్టరు, కాయితం మీద లెక్కలు రాసేటోడు. జీన్స్ పోలీసు ఉద్యోగం చేసినాయన. ఆయన పాఠం శాన సింపుల్: బంతి మన దగ్గరుంటది, వాళ్ల దగ్గరుంటది, లేకుంటే ఎవరి దగ్గరా ఉండది. ఈ మూడిట్ల ఎప్పుడు ఎవడేం చెయ్యాలెనో తెలిస్తే సాలు. మాథ్యూస్ తర్వాత కాలింగ్‌వుడ్‌ల, బ్రిస్బేన్‌ల చేసిందంతా నా లెక్కల ఆ మూడో ముక్క మీదనే. ఎవరి దగ్గరా లేని బంతిని గెలవాలె. అది గెలిస్తే మిగిలినయి వాటంతటవే వస్తయి.

యారా_గట్టు

పొగడ్తలు వద్దన్నారు కాబట్టి బ్రన్స్ సంగతి కూడా ఇక్కడే ఉండాలి.

1985లో జీలాంగ్‌తో మ్యాచ్. బంతి దగ్గర్లో లేదు. మాథ్యూస్ కొట్టిన దెబ్బకి నెవిల్ బ్రన్స్ దవడ విరిగింది. అంపైర్లు రిపోర్ట్ చెయ్యలేదు. లీగ్ విచారణ జరిపి మాథ్యూస్ రిజిస్ట్రేషన్‌ని నాలుగు వారాలు రద్దు చేసింది. అంతటితో ఆగలేదు, పోలీసులు కేసు పెట్టారు. కోర్టు 1000 డాలర్ల జరిమానా వేసింది. అప్పీల్‌లో ఆ శిక్ష తీసేశారు. మైదానంలో జరిగినదానికి ఇంత పేరున్న ఆటగాడు కోర్టు మెట్లెక్కడం ఆ రోజుల్లో పెద్ద కుదుపు. ‘లీథల్ లీ’ అని ముద్దుగా పిలుచుకునే అభిమానులు ఈ భాగాన్ని దాటేస్తారు. దాటేయకూడదు. 17 ఏళ్లు శరీర బలం మీద నడిచిన ఆట అది, హద్దు ఎక్కడో ఒకచోట దాటింది.

ఆ ఏడే ఎసెండన్‌తో గ్రాండ్ ఫైనల్‌లో హాథోర్న్ 78 పాయింట్ల తేడాతో ఓడింది. మాథ్యూస్ ఆఖరి మ్యాచ్ అదే.

పల్నాటి_పిడుగు

చాలా బాగుంది. ఇప్పుడు కాలింగ్‌వుడ్‌కి రండి. ఆడటం మానేసిన మర్నాడే పరాయి క్లబ్‌కి కోచ్ ఎలా అయ్యాడు?

మాగ్పై_మావయ్య

అది నాకొదిలేయండి.

1986కి కాలింగ్‌వుడ్‌కి అసిస్టెంట్‌గా వచ్చాడు. పెద్దాయన బాబ్ రోజ్ దగ్గర ఉండి పని నేర్చుకుని తర్వాత పగ్గాలు అందుకోవాలనేది ఒప్పందం. మూడు రౌండ్లు ఓడేసరికి రోజ్ తప్పుకున్నాడు. నిరుడు ఆడినవాడు ఈ ఏడు హెడ్ కోచ్. పైగా క్లబ్ అప్పుల్లో మునిగి ఉంది. ఆటగాళ్లని జీతం తగ్గించుకోమన్నారు, కుదరదన్నవాళ్లు కొందరు వెళ్లిపోయారు. ఖాళీల్లోకి గావిన్ బ్రౌన్, మిక్ మెగ్వేన్ లాంటి కుర్రాళ్లు వచ్చారు. జట్టు మలుపు తిరిగింది ఆ కుర్రాళ్లతోనే అని నా గట్టి నమ్మకం.

కాలింగ్‌వుడ్ మీద ఎంత బరువుందో తెలియకపోతే 1990 అర్థం కాదు. 1958 తర్వాత ప్రీమియర్‌షిప్ లేదు. 1960, 1964, 1966, 1970, 1977, 1979, 1980, 1981. ఇన్నేళ్లు గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లి ఓడారు. 1977లో అయితే మొదటి మ్యాచ్ టై అయి, వారం తర్వాత మళ్లీ ఆడించిన మ్యాచ్‌లో ఓడారు. ఫైనల్‌కొస్తే వీళ్ల కాళ్లు వణుకుతాయని పేరు పడిపోయింది. మాథ్యూస్ కింద కూడా 1988, 1989 ఫైనల్స్‌లో (సీజన్ చివర పట్టికలో పై జట్లు ఆడే మ్యాచ్‌లు) ఒక్కటీ గెలవకుండా ఇంటికెళ్లారు.

1990లో ఏం మారింది? ముందు కెప్టెన్ టోనీ షా. వేగం లేదు, ఎత్తు లేదు, కానీ కింద పడ్డ బంతిని వదలడు. కోచ్ ఏం కోరుకుంటున్నాడో మైదానంలో చేసి చూపించడానికి అలాంటివాడు కావాలి. గోల్ దగ్గర పీటర్ డైకోస్. ఆ ఏడు 97 గోల్స్ కొట్టాడు, చాలా గోల్స్ అసలు కోణమే లేని చోట్ల నుంచి. వింగ్‌లో డారెన్ మిలేన్ చేతి బొటనవేలు విరిగినా ఫైనల్స్ ఆడాడు.

ఏలూరు_కాలువ

ఆ ఏడు ఫైనల్స్‌లో ఒక మ్యాచ్ టై అయిందట కదా?

మాగ్పై_మావయ్య

అవును, వెస్ట్ కోస్ట్‌తో క్వాలిఫైయింగ్ ఫైనల్. చివర్లో పీటర్ సుమిచ్ గోల్ కొడితే కాలింగ్‌వుడ్ ఓడేది. పక్కకి పోయి బిహైండ్ అయింది, స్కోర్లు సమం. అప్పట్లో ఎక్స్‌ట్రా టైమ్ లేదు కాబట్టి వారం తర్వాత మళ్లీ ఆడించారు. కాలింగ్‌వుడ్ 59 పాయింట్లతో గెలిచింది.

దీని అసలు దెబ్బ తగిలింది ఎసెండన్‌కి. పట్టికలో మొదటి స్థానంలో నిలిచి, విశ్రాంతిలో ఉన్న జట్టు మరో వారం ఖాళీగా కూర్చుంది. మ్యాచ్ వేడి పోయింది. సెమీ ఫైనల్లో కాలింగ్‌వుడ్ చేతిలో 63 పాయింట్లతో ఓడింది, పై స్థానం వల్ల దక్కిన రెండో అవకాశంతో తిప్పలు పడి గ్రాండ్ ఫైనల్‌కి తిరిగొచ్చింది. ఆ తర్వాతే ఫైనల్స్‌కి ఎక్స్‌ట్రా టైమ్ పెట్టారు.

గ్రాండ్ ఫైనల్ మొదటి క్వార్టర్ చివర పెద్ద కొట్లాట జరిగింది. దెబ్బ తిని గావిన్ బ్రౌన్ స్పృహ తప్పాడు. అలాంటప్పుడు జట్లు పగ తీర్చుకోవడానికి పోయి ఆట వదిలేస్తాయి. కాలింగ్‌వుడ్ రెండో క్వార్టర్‌లో బంతి మీదే పడింది, మ్యాచ్ అక్కడే చేజిక్కింది. 13.11 (89), ఎసెండన్ 5.11 (41). గ్రాండ్ ఫైనల్ ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ షాకి. 32 ఏళ్ల తర్వాత.

ఆ తర్వాత మాత్రం మాథ్యూస్ జట్టుని కదపలేకపోయాడు. 1991లో ఫైనల్స్‌కే చేరలేదు. ఆ అక్టోబర్‌లోనే మిలేన్ కారు ప్రమాదంలో పోయాడు. 1992, 1994లో ఫైనల్స్‌కి వచ్చి మొదటి మ్యాచ్‌లోనే ఔట్. 1995 చివర్లో క్లబ్ వదిలాడు. గెలిపించిన ఆటగాళ్ల మీద విశ్వాసంతో వాళ్లని మరీ ఎక్కువ కాలం ఉంచాడని నా అభిప్రాయం.

గబ్బా_గోపాలం

ఇక బ్రిస్బేన్. నా దృష్టిలో కోచ్‌గా అతని అసలు పని ఇక్కడే.

1998లో బ్రిస్బేన్ లయన్స్ 16 జట్లలో 16వది. అప్పటికి బ్రిస్బేన్ బేర్స్, మెల్‌బోర్న్‌కి చెందిన ఫిట్జ్‌రాయ్ కలిసి రెండేళ్లయింది. 1999లో మాథ్యూస్ వచ్చాడు, అదే ఏడు ప్రిలిమినరీ ఫైనల్ (గ్రాండ్ ఫైనల్‌కి ముందు మెట్టు) దాకా వెళ్లారు. ఆటగాళ్లలో సత్తా ముందే ఉంది, దాన్ని ఏ చోట వాడాలో తేల్చింది అతను.

పద్ధతి ఇదీ. గోల్ పడ్డ ప్రతిసారీ ఆట మధ్య చదరంలో మొదలవుతుంది. ఆ చదరంలోకి ఒక్కో జట్టు నుంచి నలుగురే రావాలి: ఒక రక్‌మన్, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు. మిగతావాళ్లు గీత బయట. అంటే ఆ ఒక్క క్షణం మైదానం ఖాళీగా ఉంటుంది. ఎవరు బంతి గెలిస్తే వాళ్లకి రెండు తన్నుల్లో గోల్ అవకాశం. మాథ్యూస్ అక్కడ మైకేల్ వాస్, సైమన్ బ్లాక్, నైజెల్ లాపిన్, జేసన్ అకర్‌మానిస్‌లని తిప్పుతూ వాడాడు. వాస్ గుద్దుకుంటూ పోతాడు. బ్లాక్ కిందపడ్డ బంతిని తీసి గుంపులోంచి హ్యాండ్‌బాల్‌తో బయటికి ఇస్తాడు. లాపిన్ పరుగు మీద అందుకుంటాడు. అకర్‌మానిస్ రెండు కాళ్లతోనూ తన్నగలడు కాబట్టి ఏ వైపుకి మళ్లించినా నష్టం లేదు. ఈ నలుగురిలో ముగ్గురు లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచారు: వాస్ 1996, అకర్‌మానిస్ 2001, బ్లాక్ 2002.

బంతి త్వరగా ముందుకొస్తే ఎదుటి జట్టుకి గుంపుగా వెనక్కి చేరే వ్యవధి దొరకదు. అక్కడ అలిస్టర్ లించ్, జొనాథన్ బ్రౌన్ ఒక్కొక్క డిఫెండర్‌తో ముఖాముఖి. కబడ్డీలో ఒంటరిగా దొరికిన రైడర్‌లా ఉంటుంది ఆ డిఫెండర్ పరిస్థితి.

వెనక జస్టిన్ లెపిచ్, మాల్ మైకేల్. మైకేల్‌ని కాలింగ్‌వుడ్ నుంచి జారడ్ మొల్లోయ్‌ని ఇచ్చి తెచ్చుకున్నారు. బ్లాక్ 1997 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేది) 31వ ఎంపిక, అంటే చాలా క్లబ్బులు వదిలేసినవాడు. బ్రౌన్ తండ్రి ఫిట్జ్‌రాయ్‌కి ఆడాడు, విలీనం వల్ల తండ్రి కొడుకు నియమం కింద నేరుగా దక్కాడు.

2001 పదో రౌండ్‌లో గబ్బాలో ఎసెండన్‌ని ఓడించారు. ఎసెండన్ 2000 సీజన్ మొత్తంలో ఒక్కటే మ్యాచ్ ఓడిన జట్టు. అక్కడి నుంచి ప్రీమియర్‌షిప్ దాకా వరుసగా 16 విజయాలు. గ్రాండ్ ఫైనల్‌లో సగం ఆట దాకా వెనకబడి, మూడో క్వార్టర్‌లో తిరగబడ్డారు: 15.18 (108), ఎసెండన్ 12.10 (82). 2002లో వానలో కాలింగ్‌వుడ్ మీద 10.15 (75), 9.12 (66). చివర్లో గోల్ కొట్టింది గజ్జల్లో గాయంతో నడవలేకపోతున్న అకర్‌మానిస్. 2003లో మళ్లీ కాలింగ్‌వుడ్, ఈసారి 20.14 (134), 12.12 (84). లాపిన్ విరిగిన పక్కటెముకలతో ఆడాడు. బ్లాక్ 39 సార్లు బంతిని అందించాడు.

యారా_గట్టు

గోపాలం గారూ, మీ విశ్లేషణ సరిగ్గా ఉంది గానీ ఒక మాట. అప్పట్లో జీతాల పరిమితిలో బ్రిస్బేన్‌కి అదనపు వెసులుబాటు ఉంది. ఊరు వదిలి వచ్చిన ఆటగాళ్లని నిలుపుకోవడానికని ఇచ్చారు. నలుగురు మేటి మిడ్‌ఫీల్డర్లని ఒకే జట్టులో అన్నేళ్లు ఉంచుకోవడానికి అది పనికొచ్చింది. మొత్తం ఘనత కోచ్‌కే ఇవ్వడం న్యాయం కాదు.

గబ్బా_గోపాలం

వెసులుబాటు నిజం, పనికొచ్చిందన్నదీ నిజం. అయితే 1998లో చివరి స్థానానికి పోయినప్పుడు కూడా వాస్, లాపిన్, అకర్‌మానిస్, లించ్ ఆ జట్టులోనే ఉన్నారు. డబ్బు ఆటగాళ్లని ఆపుతుంది. చదరంలో ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పదు.

ఇంకోవైపు 2004 చూడండి. ఇంట్లో ప్రిలిమినరీ ఫైనల్ ఆడే హక్కు సంపాదించారు. కానీ ఫైనల్స్‌లో ప్రతి వారం ఒక మ్యాచ్ మెల్‌బోర్న్ గ్రౌండ్‌లో జరగాలన్న ఒప్పందం వల్ల శనివారం రాత్రి అక్కడికెళ్లి జీలాంగ్‌తో ఆడాల్సొచ్చింది. 9 పాయింట్లతో గట్టెక్కారు. పోర్ట్ అడిలైడ్ తన మ్యాచ్‌ని సొంత ఊళ్లోనే, ఒక రోజు ముందే ఆడేసింది. గ్రాండ్ ఫైనల్: పోర్ట్ 17.11 (113), బ్రిస్బేన్ 10.13 (73). వరుసగా నాలుగోది అక్కడ పోయింది. అదొక్కటే కారణం అనను, జట్టు వయసు మీదపడింది. 2005 నుంచి 2008 దాకా ఫైనల్స్‌కే రాలేదు. 2008 సీజన్ అవగానే తప్పుకున్నాడు.

ఓవల్_శాస్త్రి

ఆ చివరి నాలుగేళ్లలో ఆట కూడా మారింది. సిడ్నీ 2005లో గుంపు రక్షణతో గెలిచింది. 2008లో కోచ్ క్లార్క్‌సన్ హాథోర్న్‌కి మైదానమంతా కదిలే జోన్ (మనిషిని కాదు, చోటుని కాపలా కాసే రక్షణ) నేర్పించి గెలిచాడు. ఇంటర్‌చేంజ్ మార్పులు విపరీతంగా పెరిగాయి, చివరికి లీగ్ 2014లో మ్యాచ్‌కి 120 అని పరిమితి పెట్టి, 2016లో 90కి, 2021లో 75కి తగ్గించింది. నలుగురు బలవంతులు మ్యాచ్ పొడుగునా మధ్యలో నిలబడే రోజులు పోయాయి. మాథ్యూస్ పద్ధతికి ఆయువుపట్టు అదే.

నల్లగొండ_నర్సన్న

పద్ధతి పోయినా మనుషులున్నరు గదా. ఆ బ్రిస్బేన్ జట్టు నుంచి ఎంతమంది హెడ్ కోచ్‌లైండ్రో సూడుండ్రి. క్రిస్ స్కాట్ జీలాంగ్‌ను 2011, 2022ల గెలిపించిండు. క్రెయిగ్ మెక్రే 2023ల కాలింగ్‌వుడ్‌ను గెలిపించిండు, అదీ బ్రిస్బేన్ మీదనే, 4 పాయింట్లతోని. బ్రాడ్ స్కాట్ నార్త్ మెల్‌బోర్న్, తర్వాత ఎసెండన్. వాస్ బ్రిస్బేన్, తర్వాత కార్ల్‌టన్. లెపిచ్ కూడా బ్రిస్బేన్‌కు మూడేండ్లు చేసిండు.

ఇండ్ల మెక్రే పేరు సూడుండ్రి. ఆ జట్టుల వాస్, బ్లాక్ లెక్క పెద్ద పేరున్నోడు గాదు, చిన్న ఫార్వర్డ్. వాస్ అందరికన్న గొప్ప ఆటగాడు, కోచ్‌గా ప్రీమియర్‌షిప్ రాలె. కాలింగ్‌వుడ్ స్టార్ నేథన్ బక్లీ కూడా అంతే, 2018 గ్రాండ్ ఫైనల్‌ల 5 పాయింట్లతోని పోయింది. క్లార్క్‌సన్ ఆటగాడిగ 134 మ్యాచ్‌లే, కోచ్‌గ నాలుగు ప్రీమియర్‌షిప్‌లు. బ్రిస్బేన్‌ను 2024, 2025ల గెలిపించిన క్రిస్ ఫాగన్ అయితే ఈ లీగ్‌ల ఒక్క మ్యాచ్ కూడా ఆడలె. మాథ్యూస్ గొప్పగ ఆడిండు కాబట్టి గొప్ప కోచ్ అయిండు అనుడు తప్పు. మంచి గురువుల దగ్గర నేర్చుకున్నది ఇంకొకనికి రెండు ముక్కలల్ల చెప్పొచ్చిండు కాబట్టి అయిండు.

పల్నాటి_పిడుగు

నర్సన్నా, అందరికీ దండాలు. కొత్తగా చూసేవాడు పాత మ్యాచ్‌లలో దేనితో మొదలుపెట్టాలి? ఏం గమనించాలి?

గబ్బా_గోపాలం

2001 గ్రాండ్ ఫైనల్ మూడో క్వార్టర్ ఒక్కటి చాలు. మొదటిసారి బంతి వెంట చూడండి. రెండోసారి గోల్ పడ్డ ప్రతిసారీ ఆపి, అంపైర్ బంతిని నేలకి కొట్టకముందు చదరంలో ఉన్న నలుగురిని చూడండి. రక్‌మన్‌కి ఏ వైపు నిలబడ్డారు, ఎవరు గోల్ వైపు, ఎవరు రక్షణ వైపు. బంతి పైకి లేచాక ముందు కదిలింది ఎవరో రాసుకోండి.

తర్వాత 1990 గ్రాండ్ ఫైనల్ రెండో క్వార్టర్. అక్కడ టోనీ షాని ఒక్కణ్నే చూడండి, బంతి అతని దగ్గర లేనప్పుడు కూడా.

మాగ్పై_మావయ్య

2002 కూడా కలుపు గోపాలం. వాన పడితే బంతి జారుతుంది, పైన పట్టుకోవడం కష్టం, అన్నీ నేల మీదే తేలతాయి. తేడా 9 పాయింట్లే. మా జట్టు ఓడిన మ్యాచే గానీ, ఓడిన జట్టులో ఉండి నార్మ్ స్మిత్ మెడల్ తీసుకున్న బక్లీ ఆట దానిలోనే ఉంది.